బై ఫార్

పోర్టు గేటు ఎదుట ట్యుటోరియల్లో సాయంత్రం క్లాసు అయిపోయింది. డిపార్టుమెంటు పరీక్షకు చదువుతున్న క్రేన్ డ్రైవరు ఒక్కడే ఇంటికి పోబుద్ధి కాక, వ్యాసం దిద్దించుకునే వంకతో మాస్టారి బల్ల దగ్గర నిలబడ్డాడు.

“‘మై వైఫ్ ఈజ్ వెరీ మోస్ట్ బ్యూటిఫుల్’ ఏమిటయ్యా? మోస్ట్ అంటేనే అందరికన్నా అని. దానికి వెరీ అతకదు.”

“మరి అందరికన్నా సాలా ఎక్కువని సెప్పాలంటే ఏటి రాయాలి?”

“బై ఫార్ ద మోస్ట్ బ్యూటిఫుల్ అని రాయి.”

“ఫార్ అంటే దూరం కదా మేస్టారూ?”

“దూరమే. మిగతావాళ్లెవరూ ఆమె దరిదాపులకి రాలేరని.”

“నాను కూడానా?”

మాస్టారు నవ్వారు. “నువ్వు మొగుడివి కదయ్యా! ఇంతకీ ఎక్కడుందామె?”

“భీమిలిలో. కన్నోరింట్లో.”

“బస్సెక్కితే గంట. అదీ ఒక దూరమేనా?”

“ఆదోరం ఆదోరం ఎల్తన్నాను మేస్టారూ. బస్టాండులో టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చెత్తన్నాను. రెండేళ్లయింది.”

“ఇంటికి వెళ్లవా?”

“తాగొచ్చి సెయ్యి సేసుకున్నాను. ఏ మొకం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కమంటారు?”

మాస్టారు ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టేశారు.

అతను వెరీ కొట్టేసి, పైన ‘బై ఫార్ ద’ అని కూడబలుక్కుంటూ రాసుకున్నాడు.

“ఇప్పుడు సరిపోయిందా మేస్టారూ?”

“సరిపోయింది.”

“అవును. దూరం అన్నదే సరిపోయింది.”