బోర్లా తేలిన రోజు

“ఖలీల్!” అని కాలవ గట్టు అదిరేట్టు అరిచింది నువ్వు. ఇప్పుడు తలెత్తకుండా మిరప కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుకుంటున్నదీ నువ్వే. మధ్యలో నేనేం చేశాను హీనా? ఈత నేర్చుకున్నాను. అంతే.

ఈత కూడా కాదులే. తేలటం.

కాలవ షట్టర్లు తిప్పే లస్కరు జక్రయ్య ఉన్నాడుగా, ఆయనే నా గురువు. వారం రోజులు నా వీపుకి ఖాళీ మందు డబ్బా కట్టి నీళ్లలోకి దించాడు. మా పత్తిచేలో కొట్టిన మందే, అయిదు లీటర్లది. పురుగైతే చావలేదు గానీ, డబ్బా మాత్రం బాగా తేలింది.

ఎనిమిదో రోజు డబ్బా విప్పెయ్యమన్నాడు. ఊపిరి పట్టి, మొహం నీళ్లలో పెట్టి, చేతులు చాపి బోర్లా పడుకోమన్నాడు. భయపడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నావంటే మునుగుతావన్నాడు. అని, బీడీ ముట్టించుకోటానికి షట్టర్ల గది వెనక్కి పోయాడు.

నవ్వకు. నిజంగానే బాగుంటుంది. మొహం కింద నీళ్లు పచ్చగా, వాటిలోకి ఎండ గీతలు గీతలుగా దిగుతా ఉంటుంది. ఒంటికి బరువుండదు. పత్తి పోయిందని మా అమ్మ ఏడ్చే ఏడుపు కూడా పైనే ఉండిపోద్ది.

నేను చేసిన తప్పు ఒకటే. విప్పిన డబ్బాని గట్టు అంచున పెట్టాను. గాలికి అది నీళ్లలో పడి, నాకంటే ముందు మీరు బట్టలుతికే రేవుకి చేరింది. దాని వెనక నేను. బోర్లా.

ఈ ఏడు మన ఊళ్లో ముందు మందు డబ్బా, వెనక మనిషి కొట్టుకొస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేనైనా అదే అనుకునేవాణ్ణి. ఎవర్నీ తప్పుపట్టను.

కానీ రేవులో ఆరుగురు ఆడవాళ్లున్నారు. అయిదుగురు, ఎవరి బిడ్డో పాపం అన్నారు. నువ్వొక్కదానివే పేరు పెట్టి పిలిచావు. నా మొహం నీళ్లలో ఉంది. ఒంటి మీద చొక్కా కూడా లేదు.

వీపు చూసి పోల్చావు హీనా.

ఊరికి కావాల్సింది అదే కదా. శుక్రవారం నిన్ను చూడ్డానికి రావాల్సిన చీరాల వాళ్లు, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నారంట. మీ నాన్న సాయంత్రం నన్ను ఇంటికి రమ్మన్నాడు. బుడాన్ మామ సంగతి తెలుసుగా, కేకలెయ్యడు. మంచినీళ్లిచ్చి అడుగుతాడు. అదే భయం.

భయంలో నోటికొచ్చిన పేరు అరిచానని ఇంట్లో చెప్పావంట. మంచిదే. ఊళ్లో ఇన్ని పేర్లుండగా ఆ పేరే ఎందుకొచ్చిందని ఆయన అడగలేదా?

సరే, అడక్కపోతే పోనీ.

నన్నేం చెప్పమన్నావో మీ పక్కింటి జానీబీ వచ్చి చెప్పింది. చెవులు నీళ్లలో ఉన్నాయి మామా, ఎవరు పిలిచారో, ఏమని పిలిచారో నాకు తెలీదు అనాలి. నాకే వినపడకపోతే ఆ పిలుపుకి విలువేముంది, ఉత్త భయమే అయిపోద్ది. చీరాల వాళ్లు వస్తారు. నీ పెళ్లి అవుద్ది.

చెబుతాను. నువ్వు చెప్పమన్నట్టే చెబుతాను. బోర్లా తేలటం నేర్చుకున్నవాడికి ఒక అబద్ధం ఎంత?

ఆ కాయ ఇటివ్వు. అది తాలు కాదు, మంచికాయ. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, మంచికాయలన్నీ తీసి తాలులో పోస్తున్నావు.

మీ నాన్న దగ్గర ఆ అబద్ధం ఆడేముందు, నీకొక్కదానికి నిజం చెప్పి పోదామని వచ్చాను. తలెత్తకపోయినా పర్లేదు. విను.

నువ్వు మొదటిసారి పిలిచినప్పుడే వినపడింది హీనా. నీళ్లలో కూడా నీ గొంతేనని తెలిసింది. తల పైకెత్తటానికి ఎంతసేపు? ఎత్తలేదు. ఇంకోసారి పిలుస్తావేమోనని ఊపిరి బిగబట్టి అట్టాగే పడుకున్నాను.

మూడుసార్లు పిలిచావు. నాలుగోదాని కోసం ఆగుదామనుకున్నాను. ఊపిరి చాలలేదు.