అద్దం మీద మిగిలిపోయిన కాగితం

వాణ్ని తెచ్చేశారు. ఈ పొద్దున్నే విమానం దిగిందట. దర్యాప్తు చేసే సారే ఫోన్ చేసి చెప్పారు.

క్షమించండి. సంతాప సభలో ముందు చెప్పాల్సింది ఇది కాదు. మా అరుంధతి కోసం చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి, అశోక్‌నగర్ హాస్టళ్లలో పుస్తకాలు మూసిపెట్టి వచ్చిన మీ అందరికీ దండం పెట్టి మొదలుపెట్టాలి. ఏడో తరగతి చదివినవాణ్ని, సంతోషం కడుపులో దాచుకోవడం నాకు రాదు. బిడ్డ పోయి పదకొండు రోజులైంది, ఈ తండ్రికి సంతోషమేమిటి అనుకోకండి. ఈ మాట వినాల్సింది అది. అది లేదు.

అమ్మలారా, అయ్యలారా, దాని జిరాక్స్ షాపు మీకు తెలియందా? ఒరిజినల్ అద్దం మీదే మరిచిపోయి, కాపీలు పట్టుకుని పరుగెత్తనివాళ్లు మీలో ఎంతమంది? అలా మిగిలినవన్నీ తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసేది. ఒకసారి మహేశ్వరి అనే అమ్మాయి పదో తరగతి మెమో మరిచిపోయింది. మర్నాడే సర్టిఫికెట్ల పరిశీలన. మా అరుంధతి షట్టర్ దించి, నల్లకుంటలో హాస్టల్ హాస్టల్ తిరిగి, ఆ అమ్మాయిని పట్టుకుని ఇచ్చింది. "జర మూత ఎత్తి చూస్కోవే తల్లీ, నీ బతుకంత దాని కిందనే పెట్టి పోయినవ్" అని తిట్టింది కూడా. ఇదిగో, ఆ మహేశ్వరి ముందు వరుసలో తల దించుకుని కూర్చుంది.

ఆ తీగకే ఇంకో కాగితం రెండేళ్లు వేలాడింది. మీలాంటి పిల్లలకు రావాల్సిన కొలువులు అమ్ముకున్న పెద్ద అధికారిది. వాళ్ల డ్రైవర్ మరిచిపోయాడు. అది పరాయి దేశంలో ఆయన పెట్టిన కంపెనీ కాగితమని మాకేం తెలుసు? మా అరుంధతి మూడుసార్లు వాళ్లింటికి కబురు పంపింది. ఎవరూ రాలేదు. రెండేళ్లకు, ఆయన దేశం దాటి పారిపోయాక, టీవీలో పేరు విని తనే తీసుకెళ్లి దర్యాప్తువాళ్లకు ఇచ్చింది.

ఆయన్ని పంపమని మన ప్రభుత్వం అడిగింది. కాపీ నమ్మం, అసలు కాగితం కావాలి, దాన్ని ఉంచినవాళ్లే ప్రమాణం చేసి చెప్పాలి అన్నది ఆ దేశం. ఇక్కడ కోర్టు గదిలో తెర ముందు నా బిడ్డ. తెరలో అక్కడి జడ్జి. పరాయివాళ్ల కాగితం రెండేళ్లు ఎందుకు ఉంచావు అని అడిగారు. "వాళ్లది వాళ్లకు ఇయ్యాలె గద సార్. అడగనీకి ఎవ్వరూ రాలే" అంది. ఆ జడ్జి ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని రాసుకున్నారు.

తర్వాత మూడేళ్లు. ఆ దేశం ఉత్తరం రాస్తుంది, మన దేశం జవాబిస్తుంది, మళ్లీ ఉత్తరం. జబ్బుపడి ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా, నేను టిఫిన్ డబ్బా తెరవకముందే, "నాయినా, పంపిన్రా వాన్ని?" లేదు బిడ్డా అనేవాణ్ని. "పంపుతరు తియ్. రెండు సర్కార్లు మాట్లాడుకోవాలె, మనింటి ముచ్చటనా" అని నన్నే ఓదార్చేది. చివరి రోజు కూడా అడిగింది. చివరి రోజు కూడా లేదనే చెప్పాను.

పదకొండు రోజులు. ఆ ఉత్తరాల్లో ఒక్కటి, ఒక్కటి తొందరగా వచ్చి ఉంటే?

దాని మాట తీర్పులో రాశారట. వాళ్లది వాళ్లకు ఇవ్వాలి కదా అన్న మాట, ఆ దేశం భాషలో. పొద్దున ఫోన్ పెట్టేసి, "బిడ్డా" అంటూ షాపు వైపు నాలుగడుగులు వేశాను. షట్టర్ దించి ఉంది.

ఇంకా చాలామందికి చెప్పాలి. బర్కత్‌పురలో మా చెల్లె కిష్టమ్మకు. మోకాళ్ల నొప్పితో రాలేకపోయింది, ఫోన్‌లో వినపడదు, ఎవరైనా ఇంటికి వెళ్లి చెప్పాలి. గాంధీనగర్‌లో బావ రాఘవేందర్‌కు. ఊళ్లో దాని మేనమామ ఉప్పలయ్యకు. డ్యూటీలో ఉన్న మా కోడలు ఉదయశ్రీకి.

వీళ్లందరికంటే ముందు దానికి చెప్పాలి. లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. నేను చెప్పుకుంటాను.