ఒక మనిషి, మూడు కార్డులు, రత్నమణి గారి అనుమానం

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జులై ఒకటో తేదీ, సోమవారం పూర్వాహ్నమున, శ్రీమతి కె. రత్నమణి గారు నాంపల్లిలోని మన ధర్మాసుపత్రిలో ఫార్మసిస్టుగా ప్రవేశించారు. ప్రవేశించారే గాని, మందుల నిల్వ సక్రమంగా ఉన్నదని సంతకం చేయడానికి గురువారం దాకా అంగీకరించలేదు. సీలు వేసిన పెట్టెలను విప్పి చూడటం మర్యాద కాదని నాటి స్టోరుకీపరు గారు సెలవిచ్చినప్పుడు, "సీలు మీది సార్, సంతకం నాది" అని వినయంగా మనవి చేసుకున్నారట. పదిహేడేళ్ల సేవాచరిత్రకు ఇంతకన్నా సమగ్రమైన పీఠికను రచించడం ఈ వ్యాసకర్తకు చేతకాని పని.

అంతకు పూర్వం మెదక్ మిషన్ ఆసుపత్రిలో పదకొండేళ్లు పనిచేసి వచ్చిన రత్నమణి గారు, తొంభై ఏడులో మన ఔషధ విభాగానికి అధిపతి అయ్యారు. అనుమానమనే గుణాన్ని పెద్దలు దోషాల జాబితాలో ఎందుకు చేర్చారో తెలియదు గాని, వారి చేతిలో అది శాస్త్రస్థాయిని అందుకున్నది. ఫ్రిజ్‌లోని ఉష్ణమాపకాన్ని నమ్మక, ఇంటి నుండి మరొకటి తెచ్చి దాని పక్కన నిలబెట్టారు. రెండూ ఏకీభవించిన రోజున రెండింటినీ అనుమానించారు.

రెండువేల మూడో సంవత్సరం జులైలో 'సమన్వయ' అనే సాఫ్ట్‌వేరు మన ఆసుపత్రిలో అవతరించింది. షుగరు, గుండె, మోకాళ్ళు అన్నీ ఏకకాలంలో మొరాయించిన రోగికి ఒక విభాగపు నియమావళి విధించిన మందును మరొక విభాగపు నియమావళి నిషేధించవచ్చు. అటువంటి వైరుధ్యాన్ని పసిగట్టి తెరను ఎర్రగా మార్చడం, లేనిచో పచ్చగా ఉంచడం దాని అవతార ప్రయోజనం. దానిని తెప్పించిన పాపం రికార్డుల విభాగాధిపతినైన నాది. మొదటి నెలలో నాలుగువేల పైచిలుకు చీటీలను పరీక్షించి, వైరుధ్యాలు శూన్యమని అది ప్రకటించింది. ఏ నియమావళీ మరే నియమావళితోనూ తగవుపడని ఆసుపత్రి భూమండలం మీద మనదొక్కటేనని నిర్ధారణ కాగా, ఆ మహోత్సవానికి మొజంజాహీ మార్కెట్ నుండి ఐస్‌క్రీం తెప్పించాము.

రత్నమణి గారు దానిని ముట్టలేదు. "ఒక్కటంటే ఒక్కటి గూడ దొరకలేదా సార్? గింత మంచిగుంటే నాకు జర భయమైతున్నది" అన్నారు. వయసు మీద పడుతున్నదని అనుకున్నాము.

ఆగస్టులో ఒక శుక్రవారం, మోకాళ్ళ విభాగం చీటీతో బిచ్చయ్య గారు మందుల కిటికీ వద్దకు వచ్చారు. ఆదివారాలు అబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకాలు అమ్మే ఆయన వద్ద, చర్చి నుండి వస్తూ పుస్తకాలు కొనడం రత్నమణి గారి అలవాటు. ఆమె దృష్టి చీటీ మీద గాక ఆయన పాదాల మీద పడింది.

"ఏంది బిచ్చయ్యా, చెప్పుల పట్టీలు ఇప్పుకొని నడుస్తున్నవ్?"

"పడుతలేవమ్మా. కాళ్ళు ఉబ్బినయ్. గుండె డాక్టరు నీళ్ళ గోలీ రెండు చేసిండు, అయినా తగ్గుతలేదు."

"గుండె డాక్టరా? గీ చీటీల గుండె ముచ్చటే లేదు. సంచి ఇటు పెట్టు."

సంచిలో నుండి మూడు రంగుల కార్డులు బయటపడ్డాయి. సోమవారం షుగరు, బుధవారం గుండె, శుక్రవారం మోకాళ్ళు. ఒక్కొక్క దానిపై ఒక్కొక్క నంబరు.

"మూడెందుకయ్యా?"

"గుండె లైన్ల షుగర్ కార్డు చూపెడితే, ముందుగాల గాడికే పో అంటరమ్మా. ఎవల కార్డు వాళ్ళకు చూపెడితే ఎవలకూ కోపం రాదు."

నంబరుకొక మనిషి అనే మహాసిద్ధాంతంపై నిర్మితమైన 'సమన్వయ' దృష్టిలో, బిచ్చయ్య గారు తలా ఒక జబ్బు గల ముగ్గురు అపరిచితులు. మోకాళ్ళ నొప్పి మాత్రలు ఒంట్లో నీరు నిలుపుతూ మూత్రపిండాలను దెబ్బతీస్తుండగా, నీళ్ళ గోలీలు ఆ నీటిని తోడలేక ఓడిపోతున్నాయి. తెర మాత్రం వసంత శోభతో పచ్చగానే ఉన్నది.

రత్నమణి గారు నొప్పి మాత్రలు ఇవ్వలేదు. సాఫ్ట్‌వేరు కంపెనీ ఇంజనీరు ఫణికుమార్ గారు పరుగున వచ్చి, "మేడం, స్క్రీన్ గ్రీన్‌గానే ఉందండీ!" అన్నారు.

"స్క్రీన్ చూసినవ్ నాయనా, కాళ్ళు చూసినవా?"

ఆమోదం పొందిన మందును నిరాకరించినందుకు సంజాయిషీ కోరుతూ వారికి మెమో వెళ్ళింది. అందులోని గంభీర సంస్కృత సమాసాలన్నీ నావేనని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. సమాధానం గంటలో వచ్చింది: "కంప్యూటరులో ముగ్గురు కులాసాగా ఉన్నారు. నా కిటికీ వద్ద ఒకరు ప్రమాదంలో ఉన్నారు. ఆ ఒకరిని మీ వద్దకు పంపుతున్నాను." ఆ కాగితం వెనుకనే, మూడు కార్డులు చేతబట్టుకొని, బిచ్చయ్య గారు నా గదిలోకి వచ్చారు.

మూడు నంబర్లను ఒకటి చేసి మీట నొక్కాము. తెర ఎర్రబడి, ముగ్గురు వైద్యులూ సంప్రదించుకొనవలెనని ఆదేశించింది. పద్నాలుగు అడుగుల దూరంలో గదులున్న ఆ ముగ్గురు మహానుభావులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఆసుపత్రి చరిత్రలో అదే ప్రథమం. రక్తపరీక్షలో మూత్రపిండాలు అప్పటికే గట్టిగా హెచ్చరిస్తున్నట్లు తేలింది. నొప్పి మాత్రలు ఆగాయి. మూడు వారాల్లో వాపు దిగింది. మెమోను ఉపసంహరించుకున్నాము. వెతికితే, బిచ్చయ్య గారి వంటివారు మరి ఆరువందల మంది తేలారు. నాటి నుండి నమోదు కిటికీలో అడిగే మొదటి ప్రశ్న రత్నమణి గారిదే: "ఇంకో కార్డు ఉన్నదా? సంచి చూపెట్టు." తెర తరచు ఎర్రబడటం మొదలైన తరువాతనే, "ఇప్పుడు జర నమ్మొచ్చు" అని వారు సాఫ్ట్‌వేరుకు యోగ్యతాపత్రం ప్రసాదించారు.

బిచ్చయ్య గారు నేటికీ ఆదివారాలు అబిడ్స్‌లో, చెప్పుల పట్టీలు బిగించుకొని, పుస్తకాలు అమ్ముతున్నారు.

ఈ జులై ముప్పై ఒకటిన పదవీ విరమణ చేయుచున్న రత్నమణి గారికి, విశ్రాంత ఉద్యోగుల వైద్యకార్డును నిన్ననే నా చేతులతో అందించాను. వారు దానిని తిప్పి చూసి, "నా పేరు మీద ఇంకో నంబరు ఏడనన్న ఉన్నదేమో చూసిన్రా సార్?" అన్నారు. చూడలేదు. నాడు రోగుల కార్డులు వెతికామే గాని, ఉద్యోగుల జోలికి పోలేదు. చూస్తే, రెండు దొరికాయి: తొంభై ఆరులో రక్తపోటుకు ఒకటి, రెండువేల ఒకటిలో షుగరుకు ఒకటి. అనుమానం నిజమైనందుకు వారి ముఖంలో వెలిగిన ఆనందాన్ని ఏ సన్మానపత్రమూ ఇవ్వజాలదు. అన్నింటినీ ఒకటి చేశాము. తెర పచ్చగా ఉన్నది.

"మళ్ళొక్కసారి చూడున్రి."

చూశాము. పచ్చగానే ఉన్నది. ఇకపై ఏటేటా వారు ఇట్లే అడుగుదురు గాక, మేము ఇట్లే చూచెదము గాక, అది ఇట్లే పచ్చగా ఉండుగాక. ఒకే నంబరు మీద, పూర్ణారోగ్యంతో, ఆ అనుమానం ఇసుమంతయు తరగకుండా, శ్రీమతి రత్నమణి గారు నిండు నూరేళ్ళు వర్ధిల్లుదురు గాక.

— రామచంద్రమూర్తి, రికార్డుల విభాగం