ముందే ఊదిన విజిల్

ఆ ఉదయం మబ్బు ఇళ్ల కప్పుల మీదికి వంగి ఉంది. వారంగా మైదానానికి రాని ఆమెను వెతుక్కుంటూ వ్యాయామం నేర్పే మాస్టారు ఇంటికి వచ్చారు.

“మానేశావేం చెల్లెమ్మా?”

“ఏ మొహం పెట్టుకుని రాను? ఒకరు ఆలస్యమైతే మిగతావాళ్లు దండీలు తియ్యాలని మీ రూలు. నా ఆలస్యానికి పక్కింటి అక్క దండీలు తీస్తూ పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.”

“నువ్వు ఆలస్యం కాలేదు. ఆ రోజు వానొస్తుందని నేనే ఐదు నిమిషాలు ముందు మొదలుపెట్టే విజిల్ ఊదాను.”

“తెలిసే శిక్ష వేశారా?”

“తెలిసే. మన దగ్గర జిమ్ముల్లోలా యంత్రాల్లేవు, ఉన్నదల్లా ఆ విజిలే. అదే తప్పు మోగిందని ఒప్పుకుంటే నన్నెవరు లెక్కచేస్తారనుకున్నాను.”

“వారం నుంచి నాకు నిద్ర లేదు.”

“నాకూ లేదు.”

“మీకు ఉండకూడదు. అక్కకి చెప్పారా?”

“నోరు రాలేదు.”

“తిని వెళ్దాం. నేను పక్కనుంటాను, చెప్పేది మీరే.”

ఆమె రెండు కంచాలు పెట్టింది. ఇద్దరూ తిని లేచారు.