వెండి కొస, సూది కొస

ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు మామ, మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది. మూడేండ్లు నాచారం ఫ్యాక్టరీల ప్యాకింగ్ జేసి దాచింది. దాంతోని గాజు సీసాలు కొన్న, బొగ్గు, గులకరాళ్లు, ఒక భూతద్దం కొన్న. అసలు సరుకు మాత్రం ఫుకట్. అది నేను కిరాయికున్న నీ ఇంటి గోడ మీదనే ఉండె.

గట్ల సూడకు. సిమెంట్ బస్తా ఇంకా ఇప్పలె గదా? నోట్లె యాపపుల్ల ఉన్నంతసేపు నువ్వెట్లాగూ తిట్టలేవు. ఆ పుల్ల అయిపోయేలోపల నా ముచ్చట చెప్పుకుంట. జర ఆ తాపీ కింద పెట్టు.

ఆ నాచును నువ్వు పాసి అంటవు. దుర్గమ్మ అత్త గలీజు అంటది. నేను దాన్నే గీకి, సీసాల పెట్టి, మూతేసి, లివింగ్ డెకార్ అని చీటీ అంటించి సైనిక్‌పురి తీస్కపోతే, వాళ్లు హాల్ల టీవీ పక్కన పెట్టుకుంటరు. ఒకామె దానికి పింకీ అని పేరు పెట్టింది. దినాం గుడ్ మార్నింగ్ చెప్తదట. బయట వాళ్ల వాచ్‌మన్ కాంపౌండ్ గోడ మీది పింకీని ఇనుప బ్రష్షుతోని రుద్దుతున్నడు. లోపల నేను పింకీని అమ్ముతున్న. ఇద్దరం ఒకర్నొకరం సూసుకోలె.

అంత మంచిగనే నడుస్తుండె. అరవై నాలుగు సీసాలు ఇచ్చిన. అండ్ల ముప్పై ఒకటి పది దినాలల్ల కుళ్లినయి. పింకీ గూడ పోయింది, పాపం. ఇంచుమించు సగం. మిగిలినయి మాత్రం పచ్చగ ఉన్నయి. ఒకటే గోడ, ఒకటే నీళ్లు, ఒకటే చెయ్యి, మరి ఎందుకైతుంది గిట్ల? సీసా సైజు లెక్క గట్టిన. కిటికీ ఏ దిక్కుకుందో రాసిన. ల్యాప్‌టాప్‌ల రంగురంగుల గ్రాఫులు గీసిన. మూడు వారాలు. గ్రాఫులు మస్తు వచ్చినయి, జవాబు మాత్రం రాలె.

జవాబు హిమజ మేడమ్ చెప్పింది. కాలేజీల బాటనీ చెప్పి రిటైరైంది. ఆమె సీసా గూడ కుళ్లింది గాని, తిట్టనికి పిలవలె. కుర్సీల కూసోబెట్టి, రెండు కుచ్చులు కాయితం మీద పెట్టి, "ఇది ఒకటి కాదు బాబూ, రెండు జాతులు. అన్నదమ్ముల పిల్లలనుకో. ఎండినప్పుడు ఎన్నడన్నా చూశావా?" అనడిగింది.

ఎండినప్పుడు నేనెందుకు సూస్త మామ? మా అమ్మ ఉప్పల్ మార్కెట్ల ఆకుకూరలు అమ్ముతది. పాలకూరైనా కొత్తిమీరైనా, ముందు నీళ్లు సల్లు, తర్వాత ఏరు. నడక రాకముందే నాకీ విద్య వచ్చింది. నాచునూ గట్లనే జేసిన. గీకంగనే నీళ్లు కొట్టేటోన్ని, నిగనిగలాడంగ ఏరేటోన్ని. తడిస్తే రెండూ ఒకటే తీరు పచ్చగుంటయి. తేడా తెలిసేది ఎండినప్పుడే. దినాం పొద్దుగాల ఆ తేడాను నేనే కడిగేసి, మళ్ల దాన్ని నేనే భూతద్దం పెట్టి ఎతుకుతున్న.

ఇగో, ఇటు రా. ఈ భూతద్దం పట్టు. సరే, నువ్వు పట్టకు, నేనే పడత. ఇది సూడు, ఆకు కొసకు రంగే లేదు. ఎండితే వెండి లెక్క మెరుస్తది. నడిమి ఈనె కొస దాక పోనే పోదు. ఇప్పుడు ఇది సూడు. ఈనె కొస దాటి బయటికొచ్చి సూది లెక్క పొడుసుకొచ్చింది. కాయలు రెండింటివీ తల కిందికేసి వేలాడుతయి గాని, సూదిదానికి మెడకాడ ఉబ్బి ముడతలుంటయి. గొంతుల మాట ఇరుక్కున్నట్టు. ఇప్పుడు నీకున్నట్టు.

తమాషా జేసిన, ఏమనుకోకు.

వెండి కొసది ఎండకు ఓర్సుకుంటది, మూసిన సీసాల కుళ్లుతది. సూది కొసది సీసాల బతుకుతది, కాని దానికి దినాం తడి కావాలె. నీ గోడ మొత్తం సూసిన, అడుగడుగు కొలిసిన. సూదిది ఒక్క జాగలనే ఉంది. ట్యాంకి కింద, పైపు కారేకాడ. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. నిమిషానికి పద్నాలుగు చుక్కలు పడ్తయి.

లెక్కబెట్టిన. అవును, గడియారం పెట్టుకోనే లెక్కబెట్టిన.

అదే వారం ఒక బడికెల్లి నలభై సీసాలు అడిగిన్రు. వెండిది మూత లేకుంట, సూదిది మూతేసి, రెండు జాతులు పక్కపక్కన పెట్టి పిల్లలకు తేడా సూపెడ్తరట. మేడమే చెప్పి ఇప్పిచ్చింది. నా సరుకు అసలు పేరుతోని పోవుడు అదే మొదటిసారి మామ. పింకీ లెక్క కాదు.

సంబురంతోని ఉబ్బిపోయి ఇంటికొచ్చిన. వస్తే ఏముంది? ప్లంబర్ తిరుపతన్న నిచ్చెనేసి ట్యాంకి కాడ ఉన్నడు. కొత్త వాషర్ ఏసిండు. కారుడు బందైంది. రెండు దినాలకు నా సూది కొసలు ముడుసుకున్నయి.

మూడో దినం మళ్ల కారింది.

నువ్వు తిరుపతన్నను పిలిసినవు. అతను మళ్ల కొత్తదేసిండు. మళ్ల కారింది. గిట్ల నాలుగుసార్లు. నువ్వు గల్లీల నిలబడి ఏం తిట్టినవో నాకు యాదుంది. రబ్బరు ముక్క బిగించరానోడు పానాల సంచి ఎందుకు మోస్తడు అన్నవు. ఆ మాట పట్టుకోని మూడిండ్లోళ్లు అతన్ని రావద్దన్నరు. అత్త తడిసిన గోడకెల్లి బియ్యం డబ్బా జరుపుకుంట ఈ ఇల్లు మునుగుతదేమో అని మొక్కుకుంటుంటే, నేనే ఒక దిక్కు పట్టి డబ్బా జరిపిచ్చిన. మంచిపోరడు అన్నది నన్ను.

నిన్న గేటుకాడ తిరుపతన్న తన చేతులు నాకు సూపెట్టిండు. "జీవన్, ఇరవై రెండేండ్లు చేసిన పని. వేళ్లల్ల పట్టు పోయిందారా నాకు?" అన్నడు.

ఇగో, చెయ్యి పట్టు మామ. లెక్కబెట్టుకో. నాలుగు. నాలుగు వాషర్లూ కొత్తవే, అతనేసినయే. ప్రతిసారి అతను ఏసి పోయినంక నేనెక్కి, ఇవి తీసి పాతది పెట్టిన. అతని చేతుల ఏం తప్పు లేదు. నీ పైపుల గూడ లేదు.

పుల్ల ఉమ్మేసినవా? ఉమ్మెయ్యి. తిట్టు. గని ఇంకోటి గూడ విను, ఇది నాకే సిగ్గు. మొన్న దవాఖానాల అమ్మకు సెలైన్ పెడ్తే పక్కన కూసున్న. చక్రం తిప్పి నర్సు చుక్కలు పెడ్తుంది. అలవాటుకొద్ది లెక్కబెట్టిన. సరిగ్గ పద్నాలుగు. గోడకొక మేకు, మేకుకొక సీసా, గంతే అయిపోతుండె. మూడు వారాలు గ్రాఫులు గీసినోనికి ఆ మేకు తట్టలె.

నలభై సీసాలు అయితయో కావో నాకు తెల్వది. గోడకు సిమెంట్ పూస్తవా, నీ ఇష్టం. పొయ్యి మీద చాయ్ పెట్టొచ్చిన, తిరుపతన్నను రమ్మని ఫోన్ జేసిన. అతనొచ్చేసరికి నేను పైన ఉండాలె, కొత్త వాషర్ ఏసుకుంట. నా నోటితోని అతనికి, గల్లీ మొత్తం ఇనేటట్టు చెప్పాలె.

నిచ్చెన కింద పాసి ఉంది మామ, సూదిదే. మస్తు జారుతది. జర పట్టుకుంటవా?