కార్బన్ సాబ్ స్కూటర్ దిగిన కత

"మామ్మా, ఆటోవాలా హమారే ఘర్ కో 'కార్బన్ సాబ్ కా ఘర్' క్యోఁ బోల్తా హై?"

ఏటీ? మనింటిని ఆటోవోడు 'కార్బన్ సాబ్ ఇల్లు' అన్నాడా? ఇంకా అంటన్నారా ఆ మాట! ఓలమ్మో... కూకో, సెప్తాను. ఆ పళ్లెం ఇలాగ జరుపు, సిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటా సెప్తాను. ఒరే, మామ్మతో తెలుగులో మాటాడరా అని ఎన్నిసార్లు సెప్పాల నీకు? సర్లే.

కార్బన్ సాబంటే ఎవులనుకున్నావు, మీ తాతే. అదిగో, వరండాలో పేపరు మొకమ్మీద కప్పుకుని నిద్దరోతన్నాడు సూడు, ఆ మహానుబావుడే. నువ్వు అప్పటికి పుట్టావా? పుట్టావు... నేదు నేదు, మీ అమ్మ కడుపుతో ఉన్నాది. అవును, అందుకే కదా వంటంతా నా నెత్తినుండీది. మీ అక్క స్వాతి ఐదో క్లాసు. ఉక్కు కంపెనీ కోటర్సు కాళీ సేసీసి సిద్ధగోరాలో ఈ ఇంటికి వచ్చీసినాం. తాత రిటైరయ్యి రెండేళ్లు.

ఒకనాడు మీ అక్క బళ్లోంచి వచ్చి, "మామ్మా, మనింట్లో కార్బన్ అడుగులు తగ్గించాలని టీచర్ సెప్పింది" అన్నాది. ఏం అడుగులే అంటే, ఫుట్‌ప్రింటట. నాకేటి తెలుసు? మనెదురింటి ఒరియావోళ్లు మార్గశిరం గురువారాలకి గుమ్మం కాణ్ణుంచి దేవుడి మూల దాకా పిండితో లచ్చిందేవి పాదాలేత్తారు కదా, అలగ బొగ్గుతో నల్ల పాదాలేవో పడ్డాయంటందనుకున్నాను. కోపం వచ్చీసినాది నాకు. రోజుకి రెండుసార్లు తడిగుడ్డ ఏత్తన్నాను, నా ఇంట్లో బొగ్గడుగులున్నాయని ఎవులే అన్నాది, ఆ టీచరమ్మనే వచ్చి సూసుకోమను అన్నాను. ఆ పిల్లగుంట పడీ పడీ నవ్వి, తరవాత సెప్పినాది. మనం బండి తోలినా, కరెంటు కాల్చినా, పొయ్యి ఎలిగించినా ఆ పొగ పైకెల్తాదట, భూమి ఏడెక్కిపోతాదట, అందులో ఎవులి వాటా వాళ్లకుంటాదట.

ఈ మాట మీ తాత సెవిని పడ్డాది. "కార్బనా? కార్బన్ తగ్గించడవా?" అని లేచి కూకున్నాడు. ఎందుకంటే, ప్లాంటు లాబులో ఆయన ముప్పై రెండేళ్లు ఎలగబెట్టింది అదే. ఫర్నేసులోంచి వచ్చిన ఇనుములో కార్బన్ ఎక్కువుంటాదట, గాలి ఊది ఊది తగ్గిత్తేగాని ఉక్కు అవదట. ఎంత తగ్గినాదో సూసి సెప్పడం తాత ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే పాట. కూరలో ఉప్పెక్కువైతే "పాయింట్ టూ ఎక్కువైనాదే" అనీవోడు. "మీ టీచర్తో సెప్పు, ముప్పై రెండేళ్లు కార్బన్ తగ్గించినోడు మా ఇంట్లోనే ఉన్నాడని" అన్నాడు. ఆ ఎర్రిది ఎల్లి నిజంగానే సెప్పీసినాది. టీచరమ్మ రమ్మని కబురెట్టినాది.

ఆ రోజు సూడాల మీ తాతని! ఇస్త్రీ పేంటేటి, రిటైర్మెంటుకిచ్చిన గడియారవేటి, పెళ్లికొడుకే అనుకో. నన్నూ తీసుకెల్నాడు. ఆఖరి బెంచీలో కూకున్నాను, మోకాళ్లు పట్టనేదు. తాత హిందీలో దంచీసాడు. నిప్పులన్నాడు, ఊదడవన్నాడు, నాను సంతకం పెడితేగాని ఉక్కు గేటు దాటీది కాదన్నాడు. ఇలగ రోజుకి టన్నులు టన్నులు కార్బన్ తీసీసీవోళ్లం అన్నాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఇంటన్నారు. అప్పుడు సెయ్యెత్తినాది ఎవులనుకున్నావు? మీ అక్కే. "దాదాజీ, తో ఓ కార్బన్ గయా కహాఁ?" తీసీసిన కార్బన్ ఎక్కడికెల్లిందీ అని.

మీ తాత ఏలు పైకెత్తి, "ఊపర్" అన్నాడు.

క్లాసు క్లాసంతా తలకాయలెత్తి పైకి సూసినారు. పైన ఫేను తిరుగుతున్నాది. నానూ సూసాను బాబూ, అబద్దవెందుకు.

టీచరమ్మ సప్పట్లు కొట్టించినాదనుకో. కానీ ఆ పూట మీ తాత అన్నం ముట్టనేదు. "జీవితవంతా మంచి పని సేసేననుకున్నానే. రేపు ఆ గుంట మొకం ఎలగ సూడను?" అన్నాడు. ఆయన్ని అలగ నానెప్పుడూ సూడనేదు. ఉక్కు నేకపోతే ఆ బడి కప్పు దేంతో నిలబడతాదండీ అన్నాను. ఇననేదు. "పైకి పంపింది కిందికి తేనేను. ఇకమీదట నా మూలాన ఎల్లకుండా సూత్తాను" అన్నాడు.

ఇంక సూడు నా అవస్త! కోటర్సులో ఉన్నన్నాళ్లూ కరెంటుకి డబ్బులడిగీ నాథుడు నేడు, కాయిల్ హీటరు మీదే వంట. ఆ అలవాటు ఈ ఇంటికీ తెచ్చుకున్నాను. మీ తాత దాని వైరు కత్తిరించీసాడు. పొయ్యి కాడ నా కష్టం సూసి మళ్లీ ఒక చెక్కపెట్టి సేసి తెచ్చాడు. లోపల పాత రగ్గు పరిచి, ఒక్క పొంగొచ్చిన అన్నం గిన్నె అందులో పెట్టి మూసీ, గంటలో దానంతటదే ఉడుకుతాది అన్నాడు. సరిగ్గా ఆరోజే సోనారి నుంచి మా మరిది పెళ్లాన్నేసుకుని భోజనానికి దిగబడ్డాడు. మూత తీత్తే అన్నం మల్లెపువ్వునాగున్నాది. ఉడికినాది, నిజంగా ఉడికినాది. ఈ మాట నానెప్పుడూ తాతతో అననేదు, నువ్వూ అనకు. కానీ రగ్గు ట్రంకులోది కదేటి? మా మరిది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినా, ఇదేం బియ్యం, కలరా ఉండల వాసనొత్తన్నాది" అన్నాడు.

ఇల్లు సాలక వీధిలోకీ ఎల్నాడు. స్టాండులో ఆటోలు ఇంజను ఆపకుండా బుర్రు బుర్రుమంటా సవారీ కోసం కాసుకునుంటాయి కదా, ఒక్కోదాని కాడికీ ఎల్లి "బంద్ కరో, కార్బన్! కార్బన్!" అనీవోడు. అలగొచ్చినాది ఆ పేరు. అప్పట్లో సాక్చీ బజారుకి సీటు రెండు రూపాయలు... రెండా, మూడా? ఏదో ఒకటిలే.

అవన్నీ ఓర్చుకున్నాను. ఆఖరికి స్కూటర్ జోలికొచ్చాడు. ఒరే, నాకు సినిమా నేదు, షికారు నేదు. వారవంతా పొయ్యి కాడే. ఆదివారం ఒక్కపూట ఆ స్కూటర్ ఎనక సీటు నాది. సాక్చీ ఎల్లి, సేప కొని, సీరల కొట్ల ముందునుంచి ఒక సుట్టు తిరిగొచ్చీవోళ్లం. ఈయన తాళం తీసి బీరువాలో పడీసి, "నడుద్దాం" అన్నాడు! నా ముచ్చట ఆ ఒక్కటీ తీసీసి మీరు భూమిని సల్లబరుత్తారా అని అడిగీసాను. ఇంక మాటాడ్డం మానీసాను. మూడు ఆదివారాలు ఒక్కడే సంచీ పట్టుకుని నడిచెల్లి, మూడుసార్లూ కుళ్లిన సేప తెచ్చాడు. మొప్పలు ఎర్రగుండాలని కూడా తెలీదు, కార్బన్ తెలుసు!

నాలుగో ఆదివారం సేప కోసం బయల్దేరాను. ఆయన కోసం కాదు. ఆయన ముందు, నాను ఎనకాల. ఆయనేమో గబగబా అంగలేసీత్తన్నాడు. నాకు ఆయాసం వచ్చి, అలవాటు కొద్దీ "మెల్లగా పోనీండి" అనీసాను.

ఆగిపోనాడు. "ఏటన్నావు?" అన్నాడు.

"మెల్లగా పోనీండి అన్నాను. ఇన్నేళ్లూ స్కూటర్ మీద అంటన్నది ఇదే కదా."

"ఆ ఇంజను మోతలో నాకు 'పోనీండి' ఒక్కటే ఇనబడీదే! నీకు జోరంటే సరదా అనుకుని ఇంకా రైజు సేసీవోణ్ణి" అన్నాడు.

ఓలమ్మో! ఇరవయ్యేళ్లు, పేణాలరచేతిలో పెట్టుకుని ఆయన సొక్కా పట్టుకుని కూకునీదాన్ని! రోడ్డు మద్దెన నిలబడి నవ్వు, నవ్వు. ఆయనా నవ్వాడు. నవ్వి నవ్వి, అప్పుడడిగాడు, "ఇంకేటేటి సెప్పావే, నాకినబడనివి?" అని.

సెప్పాల్నా వద్దా అనుకున్నాను. సెప్పీసాను. మా సెల్లి మొదటి పురుడప్పుడు, నాను పలాస ఎల్లొత్తానని ఆ ఎనక సీట్లోంచి మిమ్మల్ని రెండుసార్లు అడిగాను, మీరు పలకనేదు, వద్దన్నారనుకుని ఊరుకున్నాను అన్నాను. అది బతికినాది, పిల్ల దక్కనేదు. నాను పక్కన నేకపోయాను. ఆ కోపం నాను ఇరవయ్యేళ్లు మోసాను బాబూ. ఆయనకి సేసిన ప్రతి కూరలోనూ అది కొంచెం పడీ ఉంటాది.

మీ తాత సంచీ కింద పెట్టీసాడు. "ఇనబడితే నానే తీసుకెల్లీవోణ్ణి కదే" అన్నాడు. ఆ రోజు సేప కొనడం మరిసిపోయినాం. బజారు దాటిపోయి ఎక్కడికో నడిచీసినాం. ఆ ఎండాకాలం ఇద్దరం రైలెక్కి మా సెల్లి కాడికి ఎల్లొచ్చినాం.

ఆ తరవాత ఆదివారం నుంచి నాను ఎనకాల నడవనేదు, పక్కనే. భూమి సల్లబడ్డాదో నేదో నాకు తెలీదు, మీ అక్కనడుగు. ఇప్పుడేటుంది, సెప్పింది ఇందావంటే మీ తాతకి సెవులు పోనాయి. అయినా అరిసి సెప్తాను, ఇంటాడు.

నువ్వు బైకో బైకో అని మీ నాన్న పేణం తీత్తన్నావట. కొనుక్కో, నడుసుకో, నీ ఇష్టం, నానేటీ అనను. సల్లగుండు నాయనా. నీ ఎనక కూకున్నోళ్ల మాట నీకు ఇనబడాల.