ఉన్నది ఉన్నట్టు పలికే పెట్టె

సెబూ నగరం బజారులో మొన్న కొన్న, మైకు పట్టుకుని పాడుకునే పాటల పెట్టెను క్రిసాంతో అనే ఆయన మళ్ళీ మోసుకొచ్చి, దాన్ని అమ్మిన కొట్టామె బల్లమీదే దించాడు.

"ఇది వెనక్కి తీసుకో చెల్లెమ్మా. నా గొంతు చెడగొడుతోంది."

"కొన్నప్పుడు బాగానే పలికిందిగా అన్నా?"

"అప్పుడు పాడింది నువ్వు!"

"ఏదీ, ఓ ముక్క పాడు."

అతను మైకందుకుని, కళ్ళు మూసుకుని పాడాడు. కొట్టులో బేరాలు ఆగిపోయాయి.

"లోపమేం లేదన్నా. ఉన్నది ఉన్నట్టే వినిపిస్తోంది."

"అదే కదా నా గొడవ! పాతది గరగరలాడినన్నాళ్ళూ మా వీధికి నేనే గాయకుణ్ణి. నిన్న దీంట్లో పాడితే మా ఆవిడే లేచి కిటికీలు మూసేసింది. శనివారం పండగలో పాడాలి. ఇంతకన్నా నాసిరకంది ఏదైనా ఉంటే ఇవ్వు."

ఆమె జాలిగా నిట్టూర్చింది.

"నిన్ననే అయిపోయాయన్నా. పండగ కదా, గాయకులంతా అవే పట్టుకుపోయారు."